స్టీరింగ్ మీద రెండు చేతులు

పదకొండో భాగం

పోయిన వారం రెనీటాను పొయ్యి ముందు వదిలాం. గిన్నెలో కొలార్డ్ ఆకుకూర ఉడుకుతోంది. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఆరు నెలలుగా ఆమె మొహం చూడని తండ్రి, రెండు గంటల దూరం ఒక్కడే కారు నడుపుకుంటూ ఆమె ఇంటికి వస్తున్నాడు.

థాడియస్ వోమాక్ పుట్టు చెవిటివాడు. ముప్పై ఏళ్లు అచ్చు యంత్రాల మధ్య పనిచేశాడు. ఆ హోరుకు పక్కవాళ్ల తలలు బద్దలైపోతుంటే ఆయన హాయిగా మధ్యాహ్నం కునుకు తీసేవాడు. భార్య పోయాక ఒక్కగానొక్క కూతురే ఆయనకు లోకం, ఆ లోకంతో మాట్లాడే నోరు కూడా. డాక్టరు దగ్గర, నల్లాలు బాగుచేసేవాడి దగ్గర, చర్చిలో పాస్టరు దగ్గర ఐదేళ్ల వయసు నుంచీ ఆయన మాటలు రెనీటాయే పలికింది. ముప్పై ఒకటో ఏట, పనికి సెలవు పెట్టి వచ్చి పంటి డాక్టరుతో బేరమాడమని ఆయన అన్న రోజున విసిగిపోయి, "నేను నీ కూతుర్ని నాన్నా, నీ నోరు కాదు" అనేసింది. చేతులతోనే అంది. చేతులతో అన్న మాట ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే వినేవాడు కళ్లు తిప్పుకోకుండా చూస్తూ ఉండాలి. ఆయన చూశాడు, తలాడించాడు, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మొన్న ఆదివారం ఆయన నుంచి రెండు ముక్కల సందేశం వచ్చింది. శనివారం వస్తాను, పీచ్ పళ్ల తీపి వంటకం, కాబ్లరు, నేనే చేసి తెస్తున్నాను, నువ్వు ఎవరితోనూ ఏమీ మాట్లాడక్కర్లేదు అని.

ఆ చివరి వాక్యాన్ని రెనీటా వారం రోజులుగా మింగలేకపోతోంది.

పన్నెండుకి పావు తక్కువలో రేడియోలో చెప్పారు, నది మీద వంతెన మూసేశారని. ఆయన ఆ దారినే రావాలి. చెప్పకపోతే తిరిగి తిరిగి అలిసిపోతాడు. వీడియో కాల్ చేసింది. కారు నడిపేటప్పుడు చేయకూడదని తెలుసు. రెండుసార్లు మోగించి మానేసింది, మూడోసారి మళ్లీ చేసింది. ఈ మూడోసారిని తలుచుకుని ఆమె తరవాత ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఇప్పుడే చెప్పను.

థాడియస్ ఫోను మోగదు, వెలుగుతుంది. కాల్ వస్తే దాని వెనక దీపం టపటపా కొట్టుకుంటుంది, ఆ వెలుగు ముందు అద్దంలో పడి ఆయనకు కనిపిస్తుంది. ఆయన ఫోను తాకాడు. తెర మీద ఆయన మొహం సగమే వచ్చింది. ఫోను హోల్డరు మెడ ఎప్పుడో వదులైపోయింది, అది కారు నడిమధ్యకు వాలిపోతుంది. అందుకని ఒక పక్క టోపీ, మంచి రోజులకు దాచుకునే గోధుమరంగు కోటు, మరో పక్క ఖాళీ సీటు కనిపించాయి. ఖాళీ అనకూడదు. ఆ సీటులో వెండిరంగు కాగితం కప్పిన కాబ్లరు పళ్లెం కూర్చుంది. దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు.

రెనీటాకు నవ్వొచ్చింది. ఆరు నెలల తరవాత తండ్రిని చూస్తూ నవ్వింది. ఆయన ఆ నవ్వు చూడ్డానికి కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పాడు.

ఒక్క క్షణమే. వంతెన మూశారు, ముందు మలుపులోనే వేరే దారికి తిరిగిపో అని ఆమె చేతులు చెబుతుండగా కారు కాస్త కుడికి ఒరిగింది, అంచున ఉన్న తెల్లగీత మీద చక్రాలు గరగరలాడిన చప్పుడు ఆమెకు వినిపించింది. ఆయన సర్దుకున్నాడు. అరనిమిషం గడిచిందో లేదో ఆయన బుగ్గ మీద ఎరుపూ నీలమూ ఒకదాని తరవాత ఒకటి పడటం మొదలుపెట్టాయి.

థాడియస్ ఒక చేత్తో, "పోలీసు. ఉండు" అన్నాడు. ఇక ఫోను వైపు చూడలేదు.

ఈ సంగతిలో ఆయనకు పాఠం చెప్పగలవాడు ఆ రాష్ట్రంలో లేడు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి వసంతంలోనూ చర్చి కింది గదిలో బధిరుల క్లబ్బు వాళ్లకు ఆయనే ఈ పాఠం చెబుతున్నాడు. నాలుగు కుర్చీలు కలిపితే కారు, కాగితపు పళ్లెం స్టీరింగు, చేతిలో టార్చిలైటుతో థాడియస్ పోలీసు. ముందు సిగ్నలు వేసి పక్కకు తియ్యాలి. ఇంజను ఆపాలి. కిటికీలు రెండు వైపులా దించాలి. ఆ తరవాత రెండు చేతులూ స్టీరింగు మీద, పైన, వేళ్లు విప్పి పెట్టాలి. 'నాకు వినపడదు' అని పెద్దక్షరాల్లో ఆయన స్వయంగా అచ్చువేసి పంచిన కార్డు డాష్‌బోర్డు మీద, స్టీరింగుకు ఎదురుగా, ముందే ఉండాలి. సొరుగులో పెడితే చెయ్యి లోపలికి పోతుంది, నెత్తి మీద ఎండకు అడ్డం దించే రేకులో పెడితే పైకి పోతుంది. చెయ్యి ఎటూ పోకూడదు, గడ్డంతో చూపించాలి.

పోలీసు ముందు నల్లవాడిగా ఎలా మసలుకోవాలో ఆయనకు తల్లి నేర్పింది. అడిగిన దానికల్లా వెంటనే, మెత్తగా, సార్ అంటూ జవాబు చెప్పు, చేతులు కదపకు అని. చెవిటివాడికి ఆ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆ మహాతల్లి చెప్పలేదు. అది తేల్చుకోవడానికే ఆయన ఈ తరగతి పెట్టాడు.

రెనీటాకు పన్నెండేళ్లప్పుడు ఆ తరగతిలో డ్రైవరు కుర్చీలో కూర్చున్నది ఎర్లీన్. డెబ్బై ఏళ్లది, మహా నోటిదురుసు మనిషి, అంటే ఆమె చేతుల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. పళ్లెం ఒళ్లో పడేసి అడిగింది:

"చేతులు దీనికి అతికించుకుంటే నేను దేంతో మాట్లాడాలి?"

"మాట్లాడకు" అన్నాడు థాడియస్.

"ఎంతసేపు?"

"వాడు నీ కార్డు చదివేదాకా."

"వాడికి చదువు రాకపోతే?"

గదిలో అందరూ నేల తన్ని మరీ నవ్వారు. థాడియస్ నవ్వలేదు. దీపం ఆర్పి వెలిగించి అందరినీ తన వైపు తిప్పుకున్నాడు. మాటల్లో కూడా కొన్ని మానుకోవాలి అన్నాడు. చెయ్యి కోటు దగ్గరికి పోయే మాట ఏదీ వద్దు. ముఖ్యంగా 'కూతురు' వద్దు. ఆ మాటకు దవడ పక్కన బొటనవేలితో రాసి, అదే చేతిని కిందికి తెచ్చి, ఎదురు మోచేతి మడతలో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పెడతారు. తెలియనివాడి కంటికి మనిషి కోటులోంచి ఏదో తీస్తున్నట్టు ఉంటుంది.

"అయితే పోలీసు ముందు నాకు పిల్లలు లేరన్నమాట" అంది ఎర్లీన్.

"ఆ పది నిమిషాలూ లేరు" అన్నాడు థాడియస్.

ఇప్పుడు ఆయన పాఠాన్ని ఒక్క పొల్లు పోకుండా అప్పజెబుతున్నాడు. సిగ్నలు వేశాడు. గులకరాళ్ల మీదికి తీసి ఆపాడు. ఇంజను ఆపాడు. చలిలో కిటికీలు రెండూ దించాడు. చేతులు స్టీరింగు మీదికి వెళ్లాయి, పదివేళ్లూ విచ్చుకున్నాయి. తల ఎడమకు తిప్పి తన పక్క అద్దంలో కళ్లు పెట్టాడు, ఆ దేశంలో డ్రైవరు కూర్చునేది ఎడమ పక్కే, పోలీసు అటునుంచే వస్తాడు గనక.

ఆ పోలీసు అటునుంచి రాలేదు.

రోడ్డు మీద లారీలు విసురుగా పోతున్నాయి, కొత్తవాడు కాబోలు, ప్రాణానికి భయపడి గడ్డి వైపు నుంచి, కుడి పక్క నుంచి వచ్చాడు. తండ్రి కంటే ముందు కూతురు చూసింది. ఖాళీ సీటుకు అవతల, దించిన కిటికీలో, మొదట నడుం బెల్టు, తరవాత వంగిన భుజం, నల్లకళ్లద్దాలు కనిపించాయి. థాడియస్ ఇంకా ఎడమకే చూస్తున్నాడు.

"నమస్తే సార్. లైసెన్సు, కారు కాగితాలు చూపిస్తారా" అన్నాడు పోలీసు.

థాడియస్ కదల్లేదు.

"సార్, మిమ్మల్నే."

రెనీటా రెండు చేతులూ ఊపింది. కుడి పక్క, కుడి పక్క, నాన్నా, ఇటు చూడు. తెర మీద ఆమె చేతులు ఎంత గింజుకున్నా ఆయన మెడ తిరగలేదు. ఫోను వైపు చూడకూడదని ఆయనే చెప్పిన పాఠం.

అప్పుడామె గొంతెత్తింది. ఆయనకు వినపడదు సార్, చెవిటివాడు అని అరిచింది. మూడుసార్లు అరిచాక గుర్తొచ్చింది. ఆ ఫోనులో చప్పుడు సున్నాలో ఉంది. రెండేళ్ల కిందట ఎవరి అంత్యక్రియల్లోనో ఆయన జేబులో వాతావరణ హెచ్చరిక కుయ్యోమని పావుగంట మోగితే, చర్చి అంతా వెనక్కి తిరిగి చూస్తుంటే, ఆయనేమో అందరికీ చిరునవ్వుతో తలాడిస్తూ కూర్చుంటే, ఆమే సిగ్గుతో చచ్చిపోయి స్పీకరును అడుగంటా నొక్కేసింది. చెవిటివాడికి స్పీకరెందుకని మళ్లీ ఎత్తలేదు. అక్కడి మాట ప్రతిదీ ఆమెకు వినిపిస్తోంది. ఆమె మాట ఒక్కటీ అక్కడ వినిపించదు.

"ఆ సీట్లో ఏముంది?" అంటున్నాడు పోలీసు. "ఆ కాగితం కింద ఏముంది, చెప్పండి."

కిటికీ అద్దం ఎత్తి ఉంటే దాని మీద కొట్టేవాడు, ఆ అదురు థాడియస్‌కు తెలిసేది. అద్దం దించి ఉంది. మర్యాద కోసం దించాడు.

ఆ కాల్ తెంచలేక రెనీటా ఫోను చేత్తో పట్టుకునే పరుగెత్తి ఎదురింటి తలుపు బాదింది. అక్కడుండే డబ్నీ గారు నలభై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె ఫోను అడిగితే, మొహం చూసి, ఎందుకని అడక్కుండా తన ఫోను ఇచ్చేశాడు. ఆమె అత్యవసర నంబరు నొక్కింది. మీ పోలీసు ఒకాయన ఒక కారును ఆపాడు, అందులో ఉన్నది మా నాన్న, ఆయనకు వినపడదు, దయచేసి ఆ పోలీసుకు వైర్లెస్‌లో చెప్పండి అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. పలికిన అమ్మాయి మంచిదే. ఎక్కడ మేడమ్ అని అడిగింది.

ఎక్కడంటే ఏం చెబుతుంది? తెరలో ఒక గడ్డి పొలం, దూరంగా తెల్లటి ధాన్యపు గోదాము. ఆ రెండు గంటల దారిలో అలాంటివి నలభై ఉంటాయి. ఏ జిల్లా మేడమ్ అంది. మూడు జిల్లాలు తగులుతాయి. కారు నంబరు చెప్పండి అంది. రెనీటాకు తండ్రి రక్తం గ్రూపు తెలుసు, చెప్పుల సైజు తెలుసు, ఆయన మాత్రలన్నీ రంగులతో సహా తెలుసు. కారు నంబరు తెలియదు. లైన్లో ఉండండి, పక్క జిల్లాల వాళ్లని కనుక్కుంటాను అంది ఆ అమ్మాయి. తరవాత చెవిలో సన్నటి సంగీతం మొదలైంది.

"స్థిమితపడమ్మాయ్" అన్నాడు డబ్నీ గారు. వెనక ఆమె ఇంట్లోంచి కూర మాడిన వాసన వస్తోంది.

ఎడమ చెవిలో సంగీతం, కుడి చేతిలో తండ్రి. ఐదేళ్లప్పటి నుంచీ ఆయన మాటలు మోసిన నోరు ఇవాళ ఊరికే పడి ఉంది. వద్దన్నది తనే. ఇప్పుడు ఆ నోటిని కోసి ఆ కారులో పడెయ్యమన్నా పడేసేది.

పోలీసు గొంతులో మర్యాద జారిపోయింది, మీరు కాస్తా నువ్వు అయింది.

"ఇటు తిరుగు. నీకే చెప్తున్నా, చేతులు అక్కడే ఉంచి నా వైపు తిరుగు." ఒక్క క్షణం ఆగాడు. "ఏం చూస్తున్నావు అటు? అటువైపు ఎవరున్నారు?"

ఎవరూ లేరు. నువ్వు వస్తావని చూస్తున్నాడురా అని రెనీటా గొణిగింది.

అతను అరచేత్తో కారు కప్పు మీద ధనామని కొట్టాడు.

ఆ అదురు అందింది. థాడియస్ ఒళ్లంతా ఉలిక్కిపడి కుడికి తిరిగాడు. తిరిగేసరికి కిటికీలో తుపాకీ ఉంది. ఎప్పుడు తీశాడో రెనీటా కూడా చూడలేదు. తండ్రి కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి జానెడు లేచి చెవి వైపు వెళ్లబోయింది. చెయ్యి దించమని పోలీసు అరిచాడు. అరుపు వినపడకపోయినా నోటి ఆకారం చూసి ఎవడికైనా తెలుస్తుంది. చెయ్యి వెనక్కి వెళ్లి స్టీరింగుకు అతుక్కుంది.

శభాష్ నాన్నా అంది రెనీటా. కళ్లనీళ్లు తెర మీద పడుతుంటే బొటనవేలితో తుడుచుకుంటూ చూసింది.

థాడియస్ గడ్డం ఎత్తి కార్డు వైపు చూపించాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి, నెమ్మదిగా, పాఠంలో చెప్పినట్టే. ఆ గడ్డం దారినే పోలీసు చూపు డాష్‌బోర్డు మీదికి పోయింది. కార్డు అవతలి అంచున, ఎండ మెరుపులో ఉంది. దానికి ఇవతల, చేతికందే దూరంలో, వెలుగుతున్న ఫోను, అందులో ఏడుస్తూ ఏదో అంటున్న ఆడమనిషి. అతను చూసింది దాన్ని.

కిటికీలోంచి చెయ్యి పెట్టి ఫోను లాక్కున్నాడు. తెరనిండా ఆకాశం తిరిగింది, ఆ తరవాత అతని మొహం వచ్చింది. కళ్లద్దాలు కిందికి జారి ఉన్నాయి. ముక్కు మీద మచ్చలు, పైపెదవి మీద చెమట. తనకంటే పది పన్నెండేళ్లు చిన్నవాడు. వాడికీ భయం వేస్తోంది. అన్నిటికంటే రెనీటాను భయపెట్టింది అదే.

"ఎవరు నువ్వు? వీడు ఎందుకు మాట్లాడడు?" అన్నాడు.

ఆమె చెవి చూపించింది, తల అడ్డంగా ఊపింది. డబ్నీ గారి గుమ్మం పక్కన గోడకు క్యాలెండరు ఉంది, దానికి దారంతో పెన్సిలు కట్టి ఉంది. ఫోన్లు రెండూ ఆయన చేతిలో కుక్కి, ఆ నెల కాగితం చింపి, వెనకవైపు అడ్డదిడ్డంగా పెద్దక్షరాల్లో రాసింది. చెవిటివాడు. మా నాన్న. కాగితం తెరకు అడ్డంగా పట్టుకుంది.

అప్పటికి తెరలో అతను లేడు. ఫోను పట్టుకున్న చెయ్యి పక్కకు వాలిపోయింది. కిటికీ చట్రం, పళ్లెం మీది వెండిరంగు కాగితం, దాని వెనక తండ్రి కనిపిస్తున్నారు. ఇప్పుడు మొహం పూర్తిగా కనిపిస్తోంది. ఆయన పోలీసును చూడటం లేదు, తుపాకీని చూడటం లేదు. పరాయివాడి చేతిలో ఉన్న ఆ చిన్న వెలుగును, అందులో ఉన్న ఆమెను చూస్తున్నాడు. ఆ పిల్లనేం చేస్తాడోనని చూస్తున్నాడు.

ఆయన చేతులు స్టీరింగు మీద నుంచి లేచాయి.

వద్దు నాన్నా అని రెనీటా కాగితం వదిలేసి చేతులతో అంది, నోటితో అంది. ఆయన కుడి బొటనవేలు దవడ పక్కకు వెళ్లింది. అక్కడ మెల్లగా రాసింది. ఆ చెయ్యి కిందికి దిగింది, గోధుమరంగు కోటు మీదుగా, ఎడమ మోచేతి మడతలోకి.

పంతొమ్మిదేళ్లుగా ఎవ్వరూ అనొద్దని ఆయన చెప్పిన మాట అది.

ఒక చప్పుడైంది. ఫోను కింద పడిందో, ఇంకేమైనా అయిందో, తెర నల్లబడింది. కాల్ ముగిసిందని ఒక ముక్క వచ్చింది.

డబ్నీ గారు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె నల్లటి తెరనే చూస్తోంది. మళ్లీ కాల్ చెయ్యాలని వేలు చాపి ఆపుకుంది. చేస్తే అక్కడ దీపం టపటపా కొట్టుకుంటుంది. ఆయన దానికోసం చెయ్యి చాపుతాడు. చాపగలిగితే.

రెండో ఫోనులో సంగీతం ఆగింది. డబ్నీ గారు దాన్ని ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"మేడమ్, ఉన్నారా? పక్క జిల్లాలో ఒక కారును ఆపారట. గోధుమరంగు కోటు, టోపీ, పెద్దాయన. మీ నాన్నగారేనా?" ఆ అమ్మాయి గొంతు ఇందాకటిలా లేదు. "అక్కడికి ఇప్పుడే అంబులెన్సు అడిగారు. ఆయన పేరు చెప్పండి, వాళ్లకు కావాలట."

రెనీటా నోరు తెరిచింది. ఇన్నేళ్లలో వెయ్యిసార్లు, ప్రతి ఆఫీసు కిటికీ దగ్గరా, ప్రతి ఆస్పత్రిలోనూ ఆయన తరఫున చెప్పిన పేరు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"మేడమ్, పేరు."

ఆమె చెయ్యి దానంతటదే లేచింది. రెండు వేళ్లతో, లేని టోపీ అంచు పట్టుకుని, కాస్త ముందుకు వంచింది. క్లబ్బులో అందరూ ఆయన్ని చేతులతో పిలిచే పేరు అది. ఆ గుమ్మంలో నిలబడి, చెవిలో ఆ గొంతు అడుగుతుంటే, ఆమె ఆ పేరునే మళ్లీ మళ్లీ చెబుతోంది.